పై అరలో రొట్టె

"ఒక డబల్ రొట్టె తీస్కరా బిడ్డా, కోయనిది" అని అత్తగారు చెబితే జెర్లిన్ రెండు రొట్టెలు తెచ్చింది.

ఒంగోలులో పుట్టి పెరిగిన పిల్లకు బ్రెడ్డంటే బ్రెడ్డే. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులోకి కాపురానికి వచ్చి పట్టుమని రెండు నెలలు కాలేదు. డబల్ అంటే రెండు కాక మరేమిటి? బేకరీలో గాజు అరల మీదుగా మునివేళ్ల మీద లేచి, "రెండివ్వండి, కోయకుండా" అంది. పొయ్యిలోంచి అప్పుడే దిగిన రొట్టెలు కాగితం లోంచి కూడా వెచ్చగా తగులుతుంటే, కవల పిల్లల్ని ఎత్తుకున్నట్టు చెరో చేత పొదువుకుని, వాసన పీలుస్తూ రెండంతస్తులూ ఎక్కింది.

అత్తగారు ఫ్లోరా వాటిని చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది. "రెండెందుకు తెచ్చినవే?"

"మీరే కదండీ అత్తయ్యా, డబల్ అన్నారు!"

"డబల్ రొట్టె అంటే గిదేనే పిల్లా! బ్రెడ్డును మా దిక్కు గట్లనే అంటం."

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మామగారు దేవప్రసాద్ పేపరు మీంచి తల ఎత్తాడు. "రెండు డబల్ రొట్టెలంటే నాలుగు. మన కోడలు లెక్కల్ల పక్కా."

"అయితే డబల్ కా మీఠా అంటే బ్రెడ్డుతో చేసేదనా! తీపి రెండింతలు వేస్తారేమో అనుకున్నానండీ ఇన్నాళ్లూ" అంది జెర్లిన్. అందరికంటే ఎక్కువగా తనే నవ్వింది. కొత్త కాపురం ఆమెకు రోజుకో కొత్త మాట ఇస్తోంది. ఇవాళ్టి మాట ఇది. రాత్రికి భర్త సుశాంత్ అబిడ్స్‌లోని కళ్లద్దాల షాపు మూసి రాగానే చెప్పడానికి దాన్ని మనసులో మడత పెట్టి దాచుకుంది.

ఆ రొట్టె ఇంట్లో తినడానికి కాదు. మర్నాడు, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం. గుడిలో ప్రభు భోజన సంస్కారానికి రొట్టె కోసి తీసుకెళ్లే పని ఫ్లోరాది. సుశాంత్ పుట్టకముందు నుంచీ ఆమెదే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆమె చేతులు మోచేతుల దాకా కడుక్కుని పీట ముందు కూర్చుంది. చిన్న చాకుతో నాలుగు పక్కలా గోధుమరంగు పెచ్చు తీసేసి, తెల్లటి ముద్దను పలకలుగా, పలకల్ని పుల్లలుగా, పుల్లల్ని శనగగింజ కన్నా కాస్త పెద్ద ముక్కలుగా కోసింది. కోస్తున్నంతసేపూ మాట్లాడలేదు. కొన్నప్పుడు అది డబల్ రొట్టె. ఈ పీట మీదకు వచ్చాక వట్టి రొట్టె. జెర్లిన్ ఎదురుగా మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, ఒక్క పొడి రాలకుండా ఆ చాకు ఎలా దిగుతోందా అని కళ్లార్పకుండా చూసింది.

కోయడం అయ్యాక ఫ్లోరా చేయి అలవాటుగా గూట్లో ఉన్న అల్యూమినియం డబ్బా వైపు వెళ్లింది.

"అత్తయ్యా, ఆగండాగండి! ఈ ఎండల్లో డబ్బాలోనా? ఫ్రిజ్ ఉందిగా!"

ఫ్రిజ్ ఆ వారమే వచ్చింది. పెళ్లి చదివింపులతో మొగుడూ పెళ్లాలు కలిసి షాపులన్నీ తిరిగి ఎంచుకున్న బూడిదరంగు ఫ్రిజ్. తలుపు తెరిస్తే చిన్న నిట్టూర్పు విడుస్తుంది, లోపల దీపం వెలుగుతుంది. పని లేకపోయినా జెర్లిన్ రోజూ ఒకటి రెండుసార్లు ఆ వెలుగు చూడ్డానికే తలుపు తీస్తోంది. ఇప్పుడు ఆ దీపానికి తగిన పని దొరికింది. పై అరలోని పెరుగు గిన్నె, టమాటాలు కిందికి దింపింది. గాజు పలకను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. "దేవుడి రొట్టె చేపల కిందా, ఉల్లికాడల పక్కనా ఎలా ఉంటుందండీ? పై అర మొత్తం దానికే" అంటూ, వాళ్లమ్మ అల్లి ఇచ్చిన లేసు గుడ్డ పెట్టెలోంచి తీసి పళ్లెం మీద కప్పింది.

ఫ్లోరా చేయి డబ్బా మూత మీద కాసేపు ఆగింది. తర్వాత ఆ చేత్తోనే పళ్లెం అందించింది. "ఔ బిడ్డా. మంచిగ అమరింది" అంది.

మిగిలిన రెండో రొట్టెను ఎవరూ పట్టించుకోలేదు. ఫ్లోరా దాన్ని అలాగే నూలుగుడ్డలో చుట్టి ఖాళీగా ఉన్న డబ్బాలో పడేసి మూత నొక్కింది.

*

ఆదివారం గుడి నిండా పచ్చటి మట్టలు. జెర్లిన్ సుశాంత్ పక్కన మోకరించి, దోసిట్లో పడిన రొట్టె ముక్కను నోట్లో వేసుకుంది. పళ్ల మధ్య అది కటుక్కుమంది.

అన్నంలో రాయి తగిలినట్టు ఉలిక్కిపడింది. కళ్లు మూసుకునే ఉంది కాబట్టి చెవులు పనిచేశాయి. వరస పొడవునా చిన్న చిన్న నమిలే చప్పుళ్లు, మేకలు ఎండుకాయలు కొరుకుతున్నట్టు. ముందు వరసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

ఆరాధన అయ్యాక ఆవరణలో సంఘ సెక్రటరీ ఇజ్రాయేల్ వాళ్ల దగ్గరకు వచ్చాడు. హెడ్మాస్టరుగా చేసి దిగిన మనిషి. మాట మెల్లగానే ఉంటుంది కానీ గంట కొట్టినట్టు వినబడుతుంది.

"ఏంది ఫ్లోరా, గట్ల గట్టిపడ్డయేంది ముక్కలు?"

"ఔ అన్నా. నా పొరపాటే. జర ఎండిపోయినయ్" అంది ఫ్లోరా.

"పొరపాటని కాదు చెల్లె. ఎంత కాలమని కష్టపడతవు? గురువారం సంస్కారానికి వేఫర్స్ తెప్పించినం. మిషన్ల జేసినవి, సన్నగ కాయితం లెక్క ఉంటయ్. ఇగ నువ్వు రెస్టు తీస్కో."

రెస్టు అన్న మాట అంత మర్యాదగా మనిషిని పక్కకు జరపగలదని జెర్లిన్‌కు అప్పటిదాకా తెలియదు. ఒక్క ఆదివారం! ఇన్నేళ్లలో ఒక్క ఆదివారం! ఏదో అనబోతే సుశాంత్ ఆమె చున్నీ కొస పట్టి లాగాడు. ఫ్లోరా మాత్రం "మంచిదన్నా, వందనాలు" అని చెప్పి, ఖాళీ పళ్లెం సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి ఆమె బట్టలు మార్చుకోకముందే చిన్న చాకును కడిగింది. తుడిచింది. పేపరు ముక్కలో చుట్టి, గరిటెల సొరుగులో బాగా లోపలికి, చేయి అందినంత వెనక్కి నెట్టింది. జెర్లిన్ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

ఏం చేయాలో తోచక ఆకలి గుర్తొచ్చింది. డబ్బా మూత తీసి రెండో రొట్టె మీద వేలు పెట్టింది. వేలు దిగబడింది. తీయగానే రొట్టె మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. దూది.

ఒకే బేకరీ, ఒకే పొయ్యి, ఒకే సాయంత్రం. అది అలా, ఇది ఇలా. ఎందుకు?

బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన మూడేళ్లలో లాబులో ఏ పరీక్షనాళికను చూసినా ఆమెకు ఇంత కుతూహలం కలగలేదు.

*

సోమవారం పొద్దున్నే ఇల్లు ప్రయోగశాల అయింది. రెండో రొట్టెలోంచి కొన్ని ముక్కలు కోసి జెర్లిన్ ఒకటి నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టింది. ఒకటి ప్లాస్టిక్ కవరులో ముడి వేసి కిటికీ పక్కన వేలాడదీసింది. ఒకటి పళ్లెంలో ఏమీ కప్పకుండా ఆరుబయటలా వదిలేసింది. ఒకటి పైన గడ్డకట్టే పెట్టెలో పడేసింది. ఇంకొకటి లేసు గుడ్డ కప్పి, పై అరలో, శనివారం పళ్లెం ఉన్న చోటే పెట్టింది. ఆ ఫ్రిజ్ ముక్కకు గుర్తుగా ఒక మూల పెచ్చు గిల్లింది. గిల్లిన పెచ్చును తినేసింది.

సుశాంత్ టై కట్టుకుంటూ వచ్చి చూశాడు. "ఏందే ఇది, ఇంట్ల బ్రెడ్డు ముక్కలు దాగుడుమూతలు ఆడుతున్నయ్?"

"ముట్టుకున్నారో చూడండి! ఇది సైన్సు."

"సైన్సుకు జామ్ పూస్తే తప్పా?"

"పూస్తే మీకు రాత్రి భోజనం కూడా సైన్సే."

అతడు పళ్లెంలోని ముక్కకేసి ఆశగా చూసి షాపుకు పోయాడు. ఫ్లోరా పప్పు కడుగుతూ అన్నీ గమనిస్తూనే ఉంది. "ఎందుకు బిడ్డా గింత పరేషాన్? బ్రెడ్డే గదా, పోనియ్" అంది. నీళ్లు మార్చి, "ఫ్రిజ్జుల గూడ పెట్టినవా?" అని అడిగింది.

"అదే కదండీ అసలు ముద్దాయి!"

ఫ్లోరా చేతిలో పప్పు నీళ్లు కాస్త ఒలికాయి.

మంగళవారం పొద్దున టీ వేళ తీర్పు. దేవప్రసాద్ కళ్లకు తువ్వాలు కట్టుకుని జడ్జీలా కుర్చీలో కూర్చున్నాడు. ఆరుబయట ముక్క కొరకగానే, "ఇది అప్పడం. దీనికి చారు ఏది?" అన్నాడు. ప్లాస్టిక్ కవరుకు లోపలంతా చెమట పట్టింది. దాంట్లోని ముక్క మెత్తగానే ఉంది కానీ, "తడి సాక్సు వాసనొస్తున్నది బిడ్డా, ఇది మీ ఆయనకు పెట్టు" అన్నాడు. గడ్డకట్టిన ముక్కను జెర్లిన్ నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి పెనం మీద మూత పెట్టి వెచ్చబెట్టింది. చచ్చిపోయిందనుకున్నది లేచి కూర్చున్నట్టు అది పొగలు కక్కుతూ మెత్తబడితే చప్పట్లు కొట్టింది. డబ్బాలో ముక్క ఎలాగూ బాగుంది.

చివర ఫ్రిజ్ ముక్క. దేవప్రసాద్ నములుతూ తల ఊపాడు. "మస్తుంది. అన్నిట్లకన్న ఇదే మెత్తగున్నది."

"నిజంగానా మావయ్యా?" జెర్లిన్ లాక్కుని తానూ తుంచుకుంది. నిజమే. వెన్నలా ఉంది. "నా ఫ్రిజ్ నిర్దోషి!" అంటూ వంటింట్లో ఒక చుట్టు తిరిగింది. తిరుగుతూ చేతిలోని ముక్కను తిప్పి చూసింది. గిల్లిన మూల కనబడలేదు. నాలుగు మూలలూ గుండ్రంగా, పూర్తిగా ఉన్నాయి. దేన్ని గిల్లానో మరిచిపోయాను కాబోలు, అనుకుంది. ఆ సంతోషంలో అది పెద్ద విషయంలా తోచలేదు.

ఫ్లోరా పొయ్యి వైపు తిరిగి రొట్టె కాలుస్తోంది. జొన్నరొట్టె అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పింది. "ఔ, మంచిగనే ఉన్నది గదా. ఇగ ఇడిసిపెట్టు" అంది.

"ఎలా వదిలేస్తానండీ? రొట్టె తప్పు లేదు, ఫ్రిజ్ తప్పు లేదు, మీ తప్పు అసలే లేదు. గుళ్లో పంకాల కింద ఆరిపోయి ఉంటాయి. తప్పు లేకుండా తప్పు నాదేనని మీరెందుకు ఒప్పుకున్నారు?"

"ఒప్పుకుంటే ఏంబోయింది బిడ్డా?"

"చాకు పోయింది!" అంది జెర్లిన్. అనేశాక తనే నాలుక కరుచుకుంది. ఫ్లోరా వెనక్కి తిరగలేదు. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది.

ఇక లాభం లేదు, సాక్ష్యం ఇజ్రాయేల్‌గారి కళ్ల ముందే పెట్టాలి అనుకుంది జెర్లిన్. ఆ సాయంత్రం ఇంకో రొట్టె తెచ్చి, అత్తగారు పడుకున్నాక, శనివారం ఆమె కోసినట్టే పెచ్చు తీసి చిన్న ముక్కలు కోసింది. అవి కాస్త వంకరగా వచ్చాయి. అదే పళ్లెం, అదే లేసు గుడ్డ, అదే పై అర. బుధవారం తెల్లవారి అత్తమామలు శ్రమల వారం ప్రార్థనకు గుడికి వెళ్లగానే, పళ్లెంలోవి చిన్న టిఫిన్ డబ్బాలోకి ఒంపుకుని ఆటో ఎక్కింది. దారిలో ఒళ్లో డబ్బా సన్నగా గలగలమంది. ఆటో చప్పుడనుకుంది.

*

ఇజ్రాయేల్ ఇల్లు మొజంజాహీ మార్కెట్ వెనక సందులో. ఆయన బనీను మీద చొక్కా తొడుక్కుంటున్నాడు. కిటికీ పక్కన నవారు మంచం మీద ఆయన తల్లి జిప్పోరా కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నోట్లో ఒక్క పన్ను లేదు కానీ కళ్లు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

"ఎవలు? దేవప్రసాద్ కోడలివా? ఒంగోలు పిల్లవు గదా. దా, గీడ కూసో."

"వందనాలండీ మామ్మగారూ." జెర్లిన్ మంచం అంచున కూర్చుంది. ఇజ్రాయేల్ వైపు తిరిగి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అత్తయ్య తప్పు లేదని, తాను ఇంట్లో అన్ని రకాలుగా పరీక్షించి చూశానని, రాత్రంతా అలాగే ఉంచిన ముక్కలు ఇవిగోనని.

"తల్లీ, నీ అత్త మీద నాకేం కోపం?" అన్నాడు ఇజ్రాయేల్. మంచం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మొన్న మా అమ్మకు మింగుడు పడలే. నోట్లకెల్లి తీసి రుమాల్ల పెట్టుకున్నది. ప్రభువు రొట్టెను మూట గట్టుకొస్తినని ఆ దినమంత అన్నం ముట్టలే. నేనేం జెయ్యాలె చెప్పు?"

ఆ దగ్గు ఎవరిదో జెర్లిన్‌కు అప్పుడు తెలిసింది. మూడు రోజులుగా మనసులో ఆమె దెబ్బలాడుతున్న మనిషి ఈయన కాదు. ఆమె ఊహించుకున్న ఆ మనిషికి తల్లి లేదు.

"అయితే మామ్మగారే చూడాలి" అంది. డబ్బా మూత తీసి, ఒక ముక్క జిప్పోరా అరచేతిలో పెట్టింది.

ముసలామె నోట్లో వేసుకుంది. బుగ్గలు అటు కదిలాయి, ఇటు కదిలాయి. కనుబొమలు దగ్గరకొచ్చాయి. కాసేపటికి వేలు పెట్టి ముక్కను తీసి అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుగులో చూసింది.

"బిడ్డా, ఇది గూడ గదే. గులకరాయి."

జెర్లిన్ తనొకటి నోట్లో వేసుకుంది. కటుక్కుమంది. ఇంకొకటి. అదీ అంతే. ముఖం నుంచి వేడి చెవుల దాకా పాకింది. "లేదండీ… నిన్న బాగుంది. మావయ్య కూడా తిన్నారు. నిన్న వెన్నలా…"

"ఫ్రిజ్జుల పెట్టినవా?" అంది జిప్పోరా.

"అవునండీ. మీకెలా తెలుసు?"

జిప్పోరా పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. "ఆదివారం పొద్దుమీకి మీ అత్త వచ్చింది. వీడు లేడు ఇంట్ల. నా కాళ్ల కాడ కూసోని ఒకటే ఏడుపు. 'అమ్మా, కొత్త కోడలు మురిపెంగ అర కడిగి, గుడ్డ గప్పి పెట్టింది, వద్దనబుద్ధి గాలే' అని. 'పిల్లకు మాత్రం తెల్వనియ్యకుర్రి. ఫ్రిజ్జు తలుపు తీస్తే దాని మొహంల సుత లైటు వెలుగుతది, అది ఆరిపోతే నేను చూడలేను' అని…" అంతవరకూ వచ్చి, చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! చెప్పేస్తి గదనే!"

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఇజ్రాయేల్.

"నీకు చెప్తే కమిటీల మినిట్సు రాయిస్తవ్."

జెర్లిన్ వాళ్ల మాటలు వినడం లేదు. ఆమె కళ్ల ముందు ఒక మెత్తటి రొట్టె ముక్క తిరుగుతోంది. నాలుగు మూలలూ గుండ్రంగా ఉన్న ముక్క. తాను గిల్లిన ముక్కను అత్తయ్య ఎప్పుడు తీసిందో, తీసి ఏం చేసిందో, డబ్బాలోంచి ఇంకోటి కోసి ఆ లేసు గుడ్డ కింద ఎంత జాగ్రత్తగా పెట్టిందో! పప్పు నీళ్లు ఒలకడం, రొట్టె మాడడం, అన్నీ వరసగా వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఏడుపు వస్తుందనుకుంది. నవ్వు వచ్చింది. తర్వాత రెండూ వచ్చాయి.

"తప్పు నాదండీ" అంది ముక్కు తుడుచుకుంటూ. "రేపు ఒక్కసారి అత్తయ్యనే కోయనివ్వండి. డబ్బాలో పెడతాం. అందులో పెట్టింది దూదిలా ఉంటుంది, నేను చూశాను."

ఇజ్రాయేల్ లోపలికెళ్లి వేఫర్ల పొట్లం తెచ్చాడు. "ఇంక పాస్టరు అయ్యగారు ప్రార్థన చెయ్యనివే, తింటే తప్పు లేదు. అమ్మా, నువ్వు ఇది గూడ చూడు. తర్వాత చెప్పు."

జిప్పోరా గుండ్రటి తెల్లటి పలుచని బిళ్లను నాలుక మీద పెట్టుకుంది. నోరు మూసుకుంది. తెరిచింది. మూసుకుంది. నాలుక లోపల తెగ వెతుకుతోంది.

"స్తాంపు… స్తాంపు లెక్క… అంగిట్ల అతికింది రా" అంది, వేలు నోట్లో పెట్టి గీకుతూ.

"జర ఆగమ్మా, నానుతది."

"ఆగుత. గురువారం పెట్టు, శుక్రవారం దాంక ఆగుత."

ఇజ్రాయేల్ నవ్వాపుకోవడానికి చొక్కా గుండీలు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే తల్లీ. ఫ్లోరాకు నేనే ఫోన్ జేస్త. కాని రేపు పళ్లెం బల్ల మీదికి పోకముందు నేను చూస్త. గట్టిగ ఉంటే ఇగ మాట లేదు, వేఫర్సే."

*

మార్కెట్ పళ్ల దుకాణాల ముందు నుంచి నడుస్తూ జెర్లిన్ ఆలోచించింది. ఇంటికెళ్లి "నాకంతా తెలిసిపోయిందండీ" అంటే? అత్తయ్య మూడు రోజులు కాపాడుకొచ్చిన దీపాన్ని తానే ఊదేసినట్టవుతుంది. తెలియనట్టే ఉంటే? రొట్టె మళ్లీ పై అరలోకే పోతుంది. వద్దనడం అత్తయ్యకు చేతకాదు. మరి రొట్టె ఫ్రిజ్‌లోకి పోకూడదు, ఎందుకు పోలేదో ఎవరూ చెప్పుకోకూడదు. ఇదేదో రసాయన శాస్త్రం కంటే కష్టంగా ఉందే అనుకుంటూ తల తిప్పేసరికి, ఎదురుగా పుచ్చకాయల గుట్ట.

ఆ సాయంత్రమే రొట్టె కొనాల్సి వచ్చింది. గురువారం బేకరీ అంతా గుడ్ ఫ్రైడే బన్నులతో నిండిపోతుంది, రొట్టె దొరికే నమ్మకం లేదు. ఇజ్రాయేల్ ఫోన్ రాగానే ఫ్లోరా సొరుగులో చేయి బాగా లోపలికి పెట్టి చాకు తీసింది. కడిగిందే మళ్లీ కడిగింది. తానే స్వయంగా వెళ్లి రొట్టె తెచ్చి, రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గూటి వైపు ఒకసారి చూసింది. తర్వాత ఫ్రిజ్ వైపు నడిచింది.

"అయ్యో అత్తయ్యా, చోటు లేదండీ!" అంది జెర్లిన్, అప్పుడే గుర్తొచ్చినట్టు.

తలుపు తెరిచింది. పై అరలో, లేసు గుడ్డ నెత్తిన వేసుకుని, ఒక మహా పుచ్చకాయ కూర్చుని ఉంది. అటు ఇటు కదలడానికి దానికే జాగా లేదు. కింది అరల్లో నీళ్ల సీసాలు, కరివేపాకు కట్టలు, మావయ్య తైలం సీసా, పోపుల డబ్బా, ఎందుకో సుశాంత్ ఖాళీ టిఫిన్ క్యారియర్.

ఫ్లోరా చాలాసేపు చూసింది. పోపుల డబ్బాను చూసింది, క్యారియర్‌ను చూసింది, పుచ్చకాయను చూసింది. చివరికి కోడలిని చూసింది. జెర్లిన్ కళ్లు దించలేదు కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"గింత పెద్ద తర్బూజ ఎవలు తింటరే?"

"మనమేనండీ. ఎండలు కదా."

"ఔ" అంది ఫ్లోరా. పెదవుల కొసన ఏదో కదిలితే అణిచిపెట్టింది. "తర్బూజకు చల్లదనం కావాలె. రొట్టెకెందుకు? పో, డబ్బా అందుకో."

జెర్లిన్ ఒక్క గంతులో గూటి దగ్గరకు చేరింది. ఫ్లోరా నూలుగుడ్డ తీసి పెట్టుకుని, అలవాటుగా కోయడానికి పీట వేయబోతే ఈసారి జెర్లిన్ ఆపింది. "ఇప్పుడే కోయొద్దండీ. కోసిన ముక్కకు అన్ని వైపుల నుంచీ గాలి తగులుతుంది. రేపు గుడికి బయల్దేరే ముందు కోద్దాం. రాత్రికి నిండు రొట్టెగానే ఉండనివ్వండి. కాగితం ఉంచండి, ప్లాస్టిక్ వద్దు, చెమట పడుతుంది."

ఫ్లోరా ఆలోచించింది. "గిది మాత్రం నాకు తోచలే ఇన్నాళ్లు" అంది. రొట్టెను కాగితంతోనే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టింది. మూత నొక్కి, డబ్బాను పొయ్యి వేడి తగలకుండా ఎదుటి గోడ వైపు పెట్టింది. జెర్లిన్ దాని మీద చెవి ఆనించి విన్నట్టు చేస్తే, అత్తగారు ఆమె నెత్తిన మెల్లగా ఒక్కటి మొట్టింది.

*

గురువారం సాయంత్రం అత్తాకోడళ్లు పీటకు చెరో పక్క కూర్చున్నారు. చాకు ఫ్లోరాదే. పెచ్చు తీసి పక్కన పెట్టే పని జెర్లిన్‌ది. తెల్లటి ముద్ద చాకు కింద మెత్తగా అణిగి, కోత పడగానే మళ్లీ నిలబడుతోంది. ముక్కల్ని తడి పిండేసిన గుడ్డ పరిచిన గిన్నెలో పోసి, మీద ఇంకో గుడ్డ కప్పి, గిన్నెను ఒళ్లో పెట్టుకుని ఫ్లోరా ఆటోలో కూర్చుంది. దారంతా దాని మీంచి చేయి తీయలేదు.

గుడి పక్క గదిలో ఇజ్రాయేల్ వేఫర్ల పొట్లం బల్ల మీద విప్పి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గుడ్డ తొలగించి ఒక ముక్క తీశాడు. రెండు వేళ్ల మధ్య నొక్కాడు. అది అణిగింది. వేళ్లు వదులు చేశాడు. ముక్క మెల్లగా తన ఆకారానికి వచ్చింది. ఆయన మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది. మూడోసారి నొక్కుతుంటే, "అన్నా, అది స్పంజి కాదు" అంది ఫ్లోరా.

ఆయన నవ్వలేదు. గిన్నెలోవన్నీ తానే పళ్లెంలోకి మార్చాడు. పొట్లాన్ని మడిచి అలమారలో పెట్టి తలుపు వేశాడు.

సంస్కారం వేళ జెర్లిన్ మోకరించి కళ్లు మూసుకోవాల్సింది. ఒక కన్ను మూసుకుంది. ముందు జిప్పోరాను ఇద్దరు పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అయ్యగారు వంగి మాటలు చెప్పి ముక్కను ఆమె అరచేతిలో పెట్టారు. పక్కన ఇజ్రాయేల్ పళ్లెం పట్టుకుని ఉన్నాడు. ఆయన చూపు అయ్యగారి మీద లేదు, తల్లి నోటి మీద ఉంది. జెర్లిన్ పక్కన ఫ్లోరా పెదవులు కదుపుతోంది. ప్రార్థనో, ఆందోళనో తెలియదు.

ముసలామె బుగ్గలు ఒకసారి కదిలాయి. రెండోసారి కదలాల్సిన అవసరం రాలేదు. ముడతల గొంతులో ఏదో చిన్నగా కిందికి జారింది. జిప్పోరా కళ్లు మూసుకునే ఉంది. ముఖం మీదికి ఎక్కడి నుంచో నెమ్మది వచ్చి కూర్చుంది.

పట్టుకుని తెచ్చినవాళ్లు లేవదీయబోయారు. ఆమె లేవలేదు. కళ్లు తెరవకుండానే అరచేతిని మళ్లీ చాపింది.

అయ్యగారి చేయి గాలిలో ఆగింది. ఇలా రెండోసారి అడిగినవాళ్లు ఆ గుడిలో ఇంతవరకూ లేరు. ఆయన తల తిప్పి ఇజ్రాయేల్ వైపు చూశారు.

నియమాలన్నీ వరస తప్పకుండా నోటికొచ్చిన ఇజ్రాయేల్ పళ్లెం ముందుకు జరిపాడు.